గోండుల పేరున ప్రపంచ సదస్సు
మన బండలు చూడ వచ్చేవారికి ఏర్పాట్లెన్నో!

జీడిమెట్ల నుంచి మాదాపూర్ దాకా, అటు భువనగిరి దాకా పోయినా నేల కింద వున్నది ఒకే కుటుంబానికి చెందిన గ్రానైటు రాయి. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పునాదికీ, రోలుకూ, పొలం హద్దుకూ వాడుకునే ఈ బండను చూడడానికి విమానమెక్కి వచ్చేవారుంటారంటే ఊళ్ళో పెద్దలు నవ్వుతారు. కాని వస్తారు. వచ్చినవారు బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, మళ్ళీ బస్సెక్కుతారు.

అలాంటి పెద్ద కూడిక ఒకటి 1994 జనవరి 10 నుంచి 14 వరకు హైదరాబాదులో జరిగింది. అది తొమ్మిదవ అంతర్జాతీయ గోండ్వానా సదస్సు. ఈ వరుసలో మొదటిది 1967లో అర్జెంటీనాలో జరగగా, 1977లో కలకత్తా వంతు వచ్చింది. హైదరాబాదు తరువాతి సదస్సు 1998లో దక్షిణాఫ్రికాలో జరిగింది. హైదరాబాదు సదస్సులో చదివిన పత్రాలు 1996లో రెండు లావుపాటి సంపుటాలుగా వెలువడ్డాయి.

ఆ పేరు మన గోండులదే. గోండుల నేల అన్న అర్థంలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన మెడ్లికాట్ అనే అధికారి 1872లో ఒక జాతి రాతిపొరలకు గోండ్వానా అని పేరు పెట్టాడు. ఆస్ట్రియా పండితుడు సూయెస్ 1885లో దానినే ఒక పురాతన మహాఖండానికి పేరుగా వాడాడు. ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు అతుక్కుని వుండేవని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. సింగరేణి బొగ్గుపొరల్లో దొరికే గ్లోసోప్టెరిస్ ఆకుల ముద్రలు ఆ దేశాలన్నిటా దొరకడం అందుకు పాత సాక్ష్యం. ఆదిలాబాదు అడవుల్లోని గోండు రైతుకు మాత్రం తన జాతి పేరు అర్జెంటీనా దాకా పోయిందన్న కబురు ఎవరూ చేరవేసినట్టు లేదు.

రాయి ముందు, సభ తరువాత

ఇలాంటి సదస్సుకు ఊరు ఎంపిక చేయడంలో హోటళ్ళదీ, హాళ్ళదీ రెండవ స్థానమే. చుట్టుపక్కల చూపించదగ్గ రాయి వుందా అన్నది మొదటి ప్రశ్న. 2012 ఫిబ్రవరిలో వజ్రపు రాళ్ళ మీద పదవ అంతర్జాతీయ కింబర్లైటు సదస్సు బెంగుళూరులో జరిగినప్పుడు, అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతం క్షేత్ర పర్యటనల్లో చేరడం సహజమే. తొలకరి వానలు పడగానే చుట్టుపక్కల జనం ఎర్రచేలలో తలవంచుకుని వజ్రాలు వెదికే ప్రాంతమది. హైదరాబాదుకు ఇంకో వాటం వుంది. భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం, శిక్షణ సంస్థ బండ్లగూడలో వున్నాయి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ దారిలో వుంది. అణు ఖనిజాల శాఖ ప్రధాన కార్యాలయం బేగంపేటలో, విశ్వవిద్యాలయం ఉస్మానియాలో. అంటే చూపించేవారికి కరువు లేదు.

అసలు కష్టమంతా క్షేత్ర పర్యటనలోనే. ప్రసంగాలకు హాలు, మైకు చాలు. పర్యటనకు దారి వెంట ఒక్కొక్క మజిలీ ముందే వెళ్ళి చూసుకోవాలి. నిరుడు కనిపించిన రాతిగోడ ఈ ఏడు తుమ్మచెట్లలో మునిగిపోయి వుండవచ్చు, లేదా ఎవరో ఇల్లు కట్టి వుండవచ్చు. వాగు ఒడ్డున పొర కనిపించేది నీళ్ళు తగ్గాకనే. అందుకే మన దేశంలో ఇటువంటి సభలు డిసెంబరు నుంచి మార్చి లోపల పెట్టుకోవడం మేలు. అడవి అయితే అటవీశాఖ అనుమతి, చేను అయితే రైతు అనుమతి కావాలి. పెద్ద బస్సు తిరగడానికి చోటు, నీడ, తాగునీరు, మరుగుదొడ్డి చూసుకోవాలి. ఆఖరిది చిన్న విషయమనిపిస్తుంది గాని, దానివల్లనే సగం మజిలీలు జాబితా నుంచి తప్పుతాయి!

ఇవన్నీ తేలాక గైడు పుస్తకం రాయాలి. ఎక్కడ ఆగాలి, ఏ పొర పైన ఏ పొర వుంది, దేనిని సుత్తితో కొట్టకూడదు అన్నీ అందులో వుండాలి. తిరుమల శిలాతోరణం, విశాఖ ఎర్రమట్టి దిబ్బల వంటివి జాతీయ భూవారసత్వ చిహ్నాలు కనుక అక్కడ సుత్తి సంచిలోనే వుండాలి.

గోదావరి లోయ ఎముకలు

గోండ్వానా రాళ్ళు చూడాలనుకునేవారికి హైదరాబాదు బండలతో పని తీరదు. ఇవి వాటికంటే ఎన్నో రెట్లు పాతవి. రెండు వందల కిలోమీటర్లు దాటి రామగుండం, మంచిర్యాల వైపు, ప్రాణహిత ఒడ్డుకు పోవలసిందే. ఎండకు మండే ఆ లోయలో అడుగు పొరలు ఒకప్పటి మంచు మోసుకొచ్చిన గులకరాళ్ళు. వాటి పైన బొగ్గు. ఇంకా పైన రాక్షసబల్లుల ఎముకలు.

1960వ దశకం మొదట్లో కలకత్తాలోని గణాంక సంస్థవారు ఆ లోయలోనే బారపాసారస్ అనే పెద్దకాళ్ళ జంతువు ఎముకలు తవ్వితీశారు. అది రవీంద్రుని శతజయంతి కాలం కనుక 1975లో పేరు పెట్టినప్పుడు ఠాగూర్ పేరు కూడా చేర్చారు. 1970వ దశకం చివర పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర సర్వేక్షణ సంస్థవారికి ఇంకో రాశి తగిలింది. అర ఎకరం దాటిన చోటులో 840 ఎముకల భాగాలు! కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో దానికి పేరు పెట్టారు. తెలంగాణలోని ఒక చిన్న పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలో చేరింది.

ఆగిపోయిన మహాసభ

అంతర్జాతీయ భూగర్భ మహాసభ మొదట 1878లో పారిస్‌లో జరిగింది. ఆసియాలో మొదటిసారి జరిగింది 1964 డిసెంబరులో, ఢిల్లీలో. మళ్ళీ మన దేశానికి రావడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. 2012లో ఆస్ట్రేలియా నగరం బ్రిస్బేన్‌లో పోటీపడి ఇండియా ఆ అవకాశం గెలుచుకుంది. ముహూర్తం 2020 మార్చి 2. దేశమంతటా పర్యటనలు సిద్ధం చేశారు. ఎనిమిదేళ్ళ ఏర్పాట్లు కరోనా పాలయ్యాయి. పలుమార్లు వాయిదా పడి చివరకు 2022 మార్చి 20 నుంచి 22 దాకా మూడు రోజులు కంప్యూటర్ తెరల మీద జరిగింది. ప్రసంగాలు తెర మీద వినవచ్చు, బండను మాత్రం తెర మీద తాకలేరు. ఏ పల్లెకూ బస్సు రాలేదు.

అప్పుడు రానివారు మళ్ళీ వచ్చేసరికి చూడడానికి ఏముంటుందన్నది ఇప్పటి ప్రశ్న. 1994లో సదస్సు జరిగిననాడు మాదాపూర్ గుట్టలు, బండలు. నాలుగేళ్ళకే, 1998లో, అక్కడ సైబర్ టవర్స్ లేచింది. తరువాత కథ అందరూ చూసిందే. బండలను కాపాడాలని 1996లోనే నగరంలో ఒక సంఘం పుట్టింది. కొన్ని బండల గుంపులకు వారసత్వ జాబితాలో చోటు దక్కింది. కంచ గచ్చిబౌలిలో యంత్రాలు దిగినప్పుడు 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని పని ఆపించవలసి వచ్చింది.

క్వారీలను మాత్రం భూగర్భ శాస్త్రజ్ఞులు అంతగా తిట్టరు. రాతి కడుపు కొత్తగా కనిపించేది అక్కడే కదా. అదే గోతిని చెత్తతో నింపి చదును చేస్తేనే వారికి దిగులు.

ఇందువల్ల రైతుకేమిటని అడగవచ్చు. ఒకే చేనులో ఒక బోరు పడి, యాభై అడుగుల దూరంలో ఇంకొకటి ఎండిపోవడానికి కారణం ఈ గ్రానైటే. దానిలో నీరు నిలిచేది పైన మురిగిన మొరం పొరలోనూ, లోపలి పగుళ్ళలోనూ మాత్రమే. పగులు ఎటు పోతున్నదో కనిపెట్టడానికి బయటికి తేలిన బండే మొదటి ఆనవాలు. ఆ బండను పగులగొట్టి ప్లాటు చేశాక బోరు వేసేవాడు కొబ్బరికాయ పట్టుకుని తిరగవలసిందే.

యామన్‌పల్లి జంతువు ఎముకలను పేర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో వున్నది. నగరానికి పనిమీద వచ్చే పల్లెవారు టిక్కెట్టు కొని చూడవచ్చు.