లెక్క ప్రకారం తిరిగే మోటారు

సీలింగు ఫ్యాను స్విచ్చి తీసేస్తే అది కొంతసేపు తిరిగి ఆగుతుంది. దాని రెక్క ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఇప్పుడు గోడ గడియారంలో టిక్కు టిక్కుమనే సెకన్ల ముల్లును చూడండి. అది ఒక్కొక్క అడుగే వేస్తుంది. అరవై అడుగులు వేస్తే సరిగ్గా ఒక చుట్టు పూర్తవుతుంది. దీన్ని నడిపే బుల్లి మోటారుకు మూలమైన పద్ధతిని ఫ్రాన్సు దేశపు ఇంజనీరు మారియస్ లావే 1936లో రూపొందించాడు.

ఇలా అడుగులు వేస్తూ తిరిగే మోటారును స్టెప్పర్ మోటారు అంటారు. ప్రింటరులో కాగితాన్ని వరుస వరుసకూ జరిపేది ఇటువంటిదే. కంప్యూటరు చెప్పినట్లు చెక్కనూ ప్లాస్టిక్కునూ చెక్కే చిన్న సి.ఎన్.సి. యంత్రం గురించి మీరు వినే ఉంటారు. అందులో ఉలిని ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరిపేవి కూడా ఈ మోటార్లే. ఇటువంటి యంత్రాన్ని ఇంట్లోనో, బడిలోని టింకరింగ్ ల్యాబులోనో తయారు చేయాలనుకునే వారికి మొదటి చిక్కు మోటారు తీగల దగ్గరే వస్తుంది. మోటారులోంచి నాలుగు రంగుల తీగలు వస్తాయి. ఏ తీగను ఎక్కడ కలపాలి?

లోపల ఏముంది?

చిన్న యంత్రాలలో ఎక్కువగా వాడే మోటారును నెమా 17 అంటారు. దాని ముఖం చతురస్రంగా, ఒక్కొక్క వైపు సుమారు 42 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యలో తిరిగే ఇరుసు మీద ఒక శాశ్వత అయస్కాంతం, దాని రెండు చివరలా రెండు ఇనుప చక్రాలు ఉంటాయి. ఒక చక్రం ఉత్తర ధ్రువం, రెండవది దక్షిణ ధ్రువం. ఒక్కొక్క చక్రానికి 50 పళ్ళు. ఒక చక్రానికి పన్ను ఉన్నచోట రెండవ చక్రానికి సందు ఉంటుంది. వీటి చుట్టూ కదలకుండా ఉండే ఇనుప ధ్రువాలకు రెండు వేరు వేరు తీగచుట్టలు చుట్టి ఉంటాయి.

మొదటి చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అది విద్యుదయస్కాంతమై, దగ్గరలో ఉన్న పళ్ళను తనకు ఎదురుగా లాక్కుంటుంది. తరువాత రెండవ చుట్టలో పంపితే పళ్ళు కొంచెం జరుగుతాయి. ఆ పైన మొదటి చుట్టలో వ్యతిరేక దిశలో, చివరకు రెండవ చుట్టలో వ్యతిరేక దిశలో పంపాలి. ఈ నాలుగు మార్పులకు చక్రం ఒక పన్ను మేర జరుగుతుంది. ఒక పన్నుకూ పక్క పన్నుకూ మధ్య 360 ÷ 50 = 7.2 డిగ్రీలు. అందులో నాలుగో వంతు 1.8 డిగ్రీలు. అంటే ఒక చుట్టుకు 200 అడుగులన్నమాట.

రంగును నమ్మవద్దు

రెండు చుట్టలు, ఒక్కొక్క దానికి రెండు కొనలు, మొత్తం నాలుగు తీగలు. ఏ రెండు తీగలు ఒక చుట్టకు చెందినవో తెలిస్తే చిక్కు విడిపోయినట్లే. కాని తీగల రంగులు అన్ని కంపెనీలలోనూ ఒకే విధంగా ఉండవు. ఒక మోటారులో ఎరుపు తీగకు జత నీలం కావచ్చు, మరొక దానిలో ఆకుపచ్చ కావచ్చు. కనుక రంగును కాక మోటారునే అడుగుదాం. అందుకు మీ వేళ్ళు చాలు.

మోటారును దేనికీ కలపకండి. నాలుగు తీగల కొనలూ ఒకదానికొకటి తగలకుండా ఉంచి ఇరుసును వేళ్ళతో తిప్పండి. చిన్న చిన్న మిట్టలు తగిలినట్లు అనిపిస్తుంది గాని సులువుగానే తిరుగుతుంది. ఇప్పుడు ఒక తీగను ఎన్నుకొని, దాని కొనను మిగతా మూడింటిలో ఒక దాని కొనతో మెలిపెట్టి మళ్ళీ తిప్పండి. తేడా లేకపోతే విడదీసి రెండవదానితో, ఆ తరువాత మూడవదానితో కలిపి చూడండి. ఒక్కదానితో కలిపినప్పుడు మాత్రం ఎవరో పట్టుకొని ఆపుతున్నట్లు ఇరుసు బరువుగా తిరుగుతుంది. ఆ రెండూ ఒకే చుట్ట కొనలు. మిగిలిన రెండూ రెండవ చుట్టవి.

ఎందుకిలా జరిగింది? ఇరుసుతో పాటు అయస్కాంతం తిరిగినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుంది. కొనలు విడిగా ఉంటే వలయం పూర్తికాదు, ప్రవాహం ఉండదు. కొనలు కలిస్తే ప్రవాహం మొదలవుతుంది. ఆ ప్రవాహం తన పుట్టుకకు కారణమైన కదలికనే అడ్డుకుంటుంది. మీరు పాఠంలో చదివిన లెంజ్ నియమం ఇదే. ఇక్కడ అది మీ వేళ్ళకే తెలుస్తుంది.

మల్టీమీటరు ఉంటే మరొకసారి సరిచూడండి. ఒకే చుట్ట కొనల మధ్య నిరోధం సాధారణంగా కొద్ది ఓమ్‌లు ఉంటుంది. రెండు చుట్టల నిరోధాలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక చుట్ట తీగకూ రెండవ చుట్ట తీగకూ మధ్య గాని, ఏ తీగకైనా మోటారు లోహపు ఒంటికీ మధ్య గాని మీటరు నిరోధం చూపిందంటే లోపల చుట్ట దెబ్బతిన్నదని అర్థం.

తీగలు కలపడం

కంప్యూటరు ఆజ్ఞలు అందుకునే ఆర్డుయినో వంటి చిన్న పలక కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వలేదు. మోటారుకు కావలసింది అంతకు ఎన్నో రెట్లు. అందుచేత మధ్యలో డ్రైవరు అనే మరొక పలక ఉండాలి. ఎక్కువమంది వాడే ఎ4988 డ్రైవరునే ఉదాహరణగా తీసుకుందాం.

1. ఒక చుట్ట కొనలను 1ఎ, 1బి అనే చోట్ల, రెండవ చుట్ట కొనలను 2ఎ, 2బి అనే చోట్ల కలపండి. జతలో ఏది ముందు, ఏది వెనుక అన్న బెంగ అక్కరలేదు. తారుమారైతే మోటారు వ్యతిరేక దిశలో తిరుగుతుంది, అంతే. కాని ఒక చుట్ట తీగ రెండవ చుట్ట జతలోకి పోతే మోటారు తిరగదు, వణుకుతుంది.

2. మోటారు కోసం 12 వోల్టుల అడాప్టరును, డ్రైవరులోని తర్క భాగం కోసం ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులను కలపండి. రెండింటి గ్రౌండు తీగలూ కలిసి ఉండాలి. మోటారు సరఫరా కొనల మధ్య, డ్రైవరుకు దగ్గరగా, 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ఉంచండి. దాని ధన, రుణ కొనలు తారుమారు కాకూడదు.

3. రీసెట్, స్లీప్ అనే రెండు కాళ్ళను ఒకదానితో ఒకటి కలపండి. స్టెప్, డైరెక్షన్ అనే కాళ్ళకు ఆర్డుయినో నుంచి తీగలు ఇవ్వండి. మొదటిది అడుగు వేయమంటుంది, రెండవది ఎటు వేయాలో చెబుతుంది.

ఒక హెచ్చరిక. విద్యుత్తు ఉండగా మోటారు తీగను ఎన్నడూ తీయకండి, పెట్టకండి. తీగచుట్టలోని ప్రవాహం హఠాత్తుగా తెగితే క్షణకాలం పాటు చాలా ఎక్కువ వోల్టేజి పుడుతుంది. డ్రైవరు మాడిపోవడానికి ఆ క్షణం చాలు. అదే కారణంగా, డ్రైవరుకు కలిపి ఉన్న మోటారును చేత్తో వేగంగా తిప్పకూడదు.

ఓమ్ నియమం తప్పిందా?

మోటారు చుట్ట నిరోధం 2 ఓమ్‌లు అనుకుందాం. 12 వోల్టులు ఇస్తే ఓమ్ నియమం ప్రకారం 6 ఆంపియర్లు పారాలి. మరి చుట్ట కాలిపోదా? కాలదు. డ్రైవరు ప్రవాహాన్ని కొలుస్తూ ఉంటుంది. మనం పెట్టిన హద్దును చేరగానే తెంపి, తగ్గగానే మళ్ళీ కలుపుతుంది. సెకనుకు వేలసార్లు ఇలా జరుగుతుంది.

ఆ హద్దును నిర్ణయించే చిన్న మర డ్రైవరు మీదే ఉంటుంది. ఆ మరకూ గ్రౌండుకూ మధ్య ఉండవలసిన వోల్టేజికి లెక్క ఇది: ప్రవాహం × 8 × పలక మీది కొలత నిరోధం. ఆ నిరోధం మీద ఆర్100 అని ఉంటే దాని విలువ 0.1 ఓమ్. మొదటి పరీక్షకు 0.5 ఆంపియరు చాలు కనుక 0.5 × 8 × 0.1 = 0.4 వోల్టులు. సరఫరా తీసివేసి మరను కొద్దిగా తిప్పండి, సరఫరా ఇచ్చి కొలవండి. 0.4 వచ్చే వరకు ఇలాగే చేయండి.

200 పల్సుల పరీక్ష

మోటారును ఇంకా యంత్రానికి బిగించకండి. ఇరుసుకు కాగితపు జెండా అంటించి, అది చూపే చోట బల్ల మీద గీత గీయండి. సరఫరా ఇవ్వగానే ఇరుసు వేళ్ళకు లొంగకుండా నిలబడాలి. మోటారు కదలకపోయినా కొంచెం వెచ్చబడుతుంది. చుట్టలో ప్రవాహం ఉంది గనుక అది సహజమే.

ఇప్పుడు సెకనుకు 100 చొప్పున 200 పల్సులు పంపండి. రెండు సెకన్లలో జెండా ఒక చుట్టు తిరిగి గీత దగ్గరే ఆగాలి. తరువాత పది చుట్లు ముందుకు, పది చుట్లు వెనక్కు పంపండి. మళ్ళీ గీతే! ఇక వేగాన్ని కొంచెం కొంచెం పెంచుతూ పోండి. ఒక వేగం దగ్గర జెండా గీతను తప్పుతుంది. ఎంత తప్పిందో కొలిస్తే 7.2 డిగ్రీలో, దాని గుణిజమో ఉంటుంది. పట్టు జారిన చక్రం మళ్ళీ నిలదొక్కుకునేది మరో పన్ను దగ్గరే కదా!

ఈ పరీక్ష ఇంత శ్రద్ధగా ఎందుకు చేయాలి? కళ్ళు మూసుకొని వైకుంఠపాళి ఆడేవాణ్ణి ఊహించుకోండి. గవ్వలు నాలుగంటే నాలుగు గళ్ళు జరుపుతాడు. మధ్యలో ఎవరైనా కాయను పక్క గడిలోకి నెట్టినా అతనికి తెలియదు. తన లెక్క ప్రకారం ఆడుతూనే ఉంటాడు. మన యంత్రమూ అంతే. పల్సులు పంపుతుంది, మోటారు నిజంగా కదిలిందో లేదో చూడదు. ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే మర ఉంటే ఒక అడుగు 0.04 మిల్లీమీటరు. నాలుగు అడుగులు జారితే 0.16 మిల్లీమీటరు. ఆ క్షణం నుంచి చెక్కే ప్రతి గీతా అంత పక్కకు పోతుంది. మళ్ళీ మళ్ళీ జారితే బొమ్మ మొత్తం వంకరే.

కనుక ఉలి బిగించడానికి ముందే జెండాతో లెక్క సరిచూడాలి. మీ మోటారు గీత తప్పిన వేగాన్ని పుస్తకంలో రాసి పెట్టుకోండి. యంత్రానికి బిగించాక బరువు కూడా తోడవుతుంది కనుక, అక్కడ అందులో సగానికి మించి పోకండి.

చివరగా మీకొక లెక్క. మీ యంత్రంలో మర ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లే జరుపుతుంది. 30 మిల్లీమీటర్లు జరగడానికి ఎన్ని పల్సులు పంపాలి? కాగితం మీద జవాబు రాసి, అన్ని పల్సులు పంపి, స్కేలుతో కొలిచి చూడండి.