వీధి తలుపు దగ్గర గుమాస్తా

పిల్లలూ! మైన్‌క్రాఫ్ట్ ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకరు తమ కంప్యూటరులో సర్వరు ప్రోగ్రాము నడిపి ఒక లోకాన్ని తెరిస్తే, మిగిలినవారు తమ తమ ఇళ్ళనుంచే అందులోకి వచ్చి కోటలు కట్టుకోవచ్చు. అయితే తరచు ఒక చిక్కు వస్తుంది. పక్కగదిలో ఉన్న చెల్లెలు ఆ లోకంలోకి ఇట్టే వచ్చేస్తుంది. పక్క ఊళ్ళో ఉన్న స్నేహితుడు మాత్రం ఎంతసేపు తలుపు తట్టినా రాలేడు. "ఇదంతా ఫైర్‌వాల్ పని, దాన్ని తీసిపారెయ్!" అని ఎవరో సలహా చెబుతారు. ఆ పని చెయ్యబోయేముందు అసలు సంగతి తెలుసుకుందాం.

ఒక వసతిగృహం ఉన్నదనుకోండి. గదులు ఇరవై, కాని పోస్టులో చెల్లే చిరునామా ఒక్కటే. వాకిట్లో ఒక గుమాస్తా కూచుంటాడు. ఏ గది విద్యార్థి ఎవరికి ఉత్తరం రాశాడో పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు రాగానే పుస్తకం చూసి ఆ గదికి పంపుతాడు. ఎవరూ రాయని చోటినుంచి, గది నంబరు లేకుండా ఉత్తరం వస్తే? ఎవరికిస్తాడు పాపం! పక్కన పడేస్తాడు.

మీ ఇంటి రూటరు సరిగ్గా అలాంటి గుమాస్తా. చాలా ఇళ్ళలో అది ప్రతి ఫోనుకూ, కంప్యూటరుకూ 192.168 తో మొదలయ్యే నంబరు ఇస్తుంది. అవి గది నంబర్లు, వీధిలో చెల్లవు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే కావడంచేత ఈ ఏర్పాటు వచ్చింది. మీరు ఏదో కంపెనీవారి సర్వరుకు వెళ్ళి ఆడితే ఇబ్బంది లేదు, ముందు ఉత్తరం రాసినది మీరే గనుక. మీరే లోకం తెరిచి స్నేహితుణ్ణి పిలిచినప్పుడు, అతని ఉత్తరం పిలవని ఉత్తరమౌతుంది. నోటితో పిలిచారు గాని గుమాస్తాకు చెప్పలేదు!

మరి గుమాస్తాను తీసేస్తే? 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే "పురుగు" బయలుదేరింది. విండోస్ కంప్యూటర్లలోని ఒక లోపాన్ని పట్టుకుని, 135 అనే పోర్టు గుండా దూరేది. ఎవరూ ఏ ఉత్తరమూ విప్పనక్కరలేదు. కంప్యూటరు ఇంటర్నెట్‌కు తగిలించి ఉంటే చాలు. విండోస్ ఎక్స్‌పిలో ఫైర్‌వాల్ అప్పటికే ఉన్నది, కాని మామూలుగా నిద్రపోతూ ఉండేది. 2004లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో దాన్ని మేలుకొలిపే పంపించారు.

కాబట్టి గోడ పడగొట్టవద్దు, ఒక్క తలుపు తెరవండి. చెల్లెలు రాగలిగిందంటే మీ ప్రోగ్రాము బాగానే ఉన్నది. ఆమె కూడా రాలేకపోతే, కంప్యూటరులోని ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క ప్రోగ్రామునే అనుమతించాలి. తరవాత ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూచోబెట్టుకుని రూటరు పేజీ తెరవండి. "పోర్ట్ ఫార్వర్డింగ్" అనే చోట, 25565 నంబరుకు వచ్చినదాన్ని మీ కంప్యూటరుకు పంపమని రాయండి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వరుకు మామూలుగా ఉండే పోర్టు అదే. సర్వరులోని "వైట్‌లిస్ట్"లో స్నేహితుల పేర్లు మాత్రమే ఉంచండి.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. రూటరు గది నంబర్లను అప్పుడప్పుడు మార్చేస్తుంది. నిన్న మీకు వచ్చిన ఉత్తరం ఇవాళ తాతగారి ఫోనుకు పోవచ్చు! అందుకని మీ కంప్యూటరుకు ఆ నంబరును ఖాయం చెయ్యాలి. రెండవది, మీ ఇంటి బయటి చిరునామాతో మీ ఇంట్లోనుంచే పరీక్షిస్తే కొన్ని రూటర్లు ఒప్పుకోవు. పరీక్ష స్నేహితుడే చెయ్యాలి.

అన్నీ సరిగా ఉన్నా అతను రాలేకపోతున్నాడా? రూటరు పేజీలో బయటి చిరునామా చూడండి. అది 100.64 మొదలు 100.127 లోపుదైతే, మీ గుమాస్తాకు పైన, ఇంటర్నెట్ కంపెనీలో ఇంకొక పెద్ద గుమాస్తా ఉన్నాడన్నమాట. చాలా ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా! అప్పుడు మీ రూటరుతో ఎన్ని గంటలు కుస్తీపట్టినా లాభం లేదు. సొంత చిరునామా కావాలని కంపెనీని అడగాలి. కొందరు అదనపు రుసుము తీసుకుని ఇస్తారు. లేదా స్నేహితుడి ఇంటికి అలాంటి చిరునామా ఉన్నదేమో కనుక్కోండి. ఉంటే లోకాన్ని అతని కంప్యూటరులో తెరవమని చెప్పి, మీరూ చెల్లెలూ అక్కడికే వెళ్ళండి.