చేనును కొండయు

దక్షిణ పినాకినీ నది నందికొండల ప్రాంతమున పుట్టి, హోసూరు సమీపమున తమిళనాడు ప్రవేశించును. కెలవరపల్లి ఆనకట్టను, 1957లో పూర్తియైన కృష్ణగిరి ఆనకట్టను దాటి, కడలూరు చెంత సముద్రమున కలియును. హోసూరునకు దక్షిణముగా డెంకణికోట, అంచెట్టి దిక్కున మేలగిరి కొండలు వ్యాపించి యున్నవి. లోయలో రాగి, అనప, ఉలవ పండును. కొండలలో ఏనుగులు తిరుగును. ఈ రెండును వేర్వేరు లోకములని మనము తలచుదుము. కొంచెము పరిశీలించినచో రెండును ఒకే కుటుంబమని తెలియగలదు.

ముందుగా చేని గట్టుననున్న చెట్లను చూతము. తెలుగువారు కానుగ యనునది తమిళులకు పుంగమరము, కన్నడిగులకు హొంగె. మూడు భాషలవారును దానిని నరకక గట్టున నిలుపుకొనుటకు కారణము కలదు. ఇది చిక్కుడు జాతికి చెందిన వృక్షము. దీని వేళ్లపై బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకు ఆహారముగా మార్చును. అందుచేతనే కానుగ రొట్టను మడిలో త్రొక్కినచో పైరు ఏపుగా పెరుగును. గింజల నూనె పూర్వము దీపములకు వాడబడెడిది. పూవులలోని తేనెకు తేనెటీగలు వచ్చును.

బీడు భూములలో తంగేడు పసుపుపచ్చని పూలతో నిండియుండును. పశువులు దానిని అంతగా మేయవు గనుక మేత బీళ్లలోను నిలిచి, వాననీటికి మన్ను కొట్టుకొనిపోకుండ కాపాడును. దీని బెరడును తోళ్లు పదును చేయుటకు వాడుదురు. కొండపాదమున వేసవి ముంగిట ఆకులు రాల్చి ఎఱ్ఱగా పూచునది మోదుగ. దాని ఆకులతో విస్తళ్లు కుట్టుదురు.

శ్రీగంధము కథ మరింత విచిత్రమైనది. ఇది తన ఆకులతో ఆహారమును తానే తయారు చేసికొనును గాని, నీటిని, లవణములను కొంతవరకు ప్రక్క చెట్ల వేళ్లనుండి గ్రహించును. కావున ఒంటరిగా నాటిన గంధపు మొక్క సరిగా ఎదుగదు. దాని నల్లని పండ్లను తిను పక్షులు గింజలను పొదలలో విడుచును. అచ్చట తోడు దొరకి మొక్క బ్రతుకును.

ఇక చేనికి కావలి కాయు జీవులు. జెర్రిపోతును చూడగానే కఱ్ఱ తీయువారు పెక్కుమంది. అది ఆవు పొదుగున పాలు త్రాగునని నిందించుదురు. పాము నోటికి చప్పరించు శక్తి లేదు. జెర్రిపోతునకు విషమును లేదు. అది తినునది ఎలుకలను. రాత్రివేళ గుడ్లగూబయు ఆ పనియే చేయును. పాలపిట్ట దుక్కిలో పురుగులను ఏరుకొనును. చింతతోపులలోను, పొదలలోను రాత్రి తిరుగు దేవాంగపిల్లి పెద్ద కన్నులను చూచి భయపడుదురు గాని, దాని ఆహారములో అధికభాగము పురుగులే.

కొండలోనికి పోయినచో వాగుల వెంట తెల్లని బెరడు గల ఏరుమద్ది మ్రానులు కనిపించును. వాటి కొమ్మలపై బూడిదవన్నె పెద్ద ఉడుత గూడు కట్టును. ఎడతెగని చెట్ల వరుస దానికి అవసరము. నడుమ చెట్లు పోయినచో దాని త్రోవ తెగును.

ఏనుగు త్రోవయు ఇట్టిదే. బన్నేరుఘట్ట అడవులనుండి జవళగిరి, తళి ప్రాంతముల మీదుగా ఏనుగుల గుంపులు రాకపోకలు సాగించును. ఎండిన ఏటి ఇసుకను త్రవ్వి అవి తీయు చెలమలలో ఇతర మృగములును దాహము తీర్చుకొనును. అవి తిన్న పండ్ల గింజలు దూరప్రదేశములలో మొలచును. కాని రాగి వెన్ను పండునప్పుడు ఈ కొండ చుట్టము చేనిలోనికి వచ్చును. ఎదిగిన ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలెను. ఒక్క రాత్రిలో పేదరైతు ఏడాది గ్రాసము పోవును.

ఏనుగు ఏల వచ్చును? 1980ల దశకమున సత్యమంగళము, బిళిగిరిరంగ కొండల ప్రాంతమున రామన్ సుకుమార్ జరిపిన పరిశోధనలో, పండిన పైరులందు అడవి గడ్డికంటె మాంసకృత్తులు, సున్నము, సోడియము అధికముగా ఉన్నట్లు తేలెను. పిల్లలతో తిరుగు గుంపులకంటె ఎదిగిన మగ ఏనుగులే ఎక్కువగా చేలపై పడునట్లును కనుగొనిరి. దీనికితోడు, విదేశమునుండి తోటల అలంకారమునకై తెచ్చిన లంటానా పొద అడవిని ఆక్రమించి, తన నీడలో గడ్డిని పెరుగనీయకున్నది. పూర్వపు త్రోవలకు అడ్డముగా రోడ్లు, కట్టడములు లేచినవి.

కోపముతో కొందఱు కంచెకు విద్యుత్తు పారించుదురు. 2023 మార్చిలో పొరుగుననున్న ధర్మపురి జిల్లా మారండహళ్లి యొద్ద అట్టి తీగ తగిలి మూడు ఏనుగులు చనిపోయెను. ఆ తీగ మనిషికిని యముడే. మఱియొకవైపు, చీకటిలో ఏనుగునకు ఎదురుపడి ప్రాణములు కోల్పోయిన రైతులును మన ప్రాంతమున కలరు. వారి దుఃఖమును మరచి ఏనుగును మాత్రమే కాపాడుమనుట న్యాయము కాదు. పంటనష్టమునకు పరిహారము ఆలస్యము లేక అందవలెను. ఊరివారు కలిసి కావలి కాయవలెను. చీకటిలో ఒంటరిగా తిరుగరాదు. అడవిలో గడ్డి, నీరు మరల సమృద్ధి కావలెను. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యమును, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యమును ప్రకటించుట ఈ మార్గమున మంచి అడుగులు.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దలకు పేరు తెలియని చెట్టు ఈ లోయలో అరుదు. సెలవు దినమున తాతగారి వెంట గట్టుపై నడచి, ఒక్కొక్క చెట్టు పేరును, ఉపయోగమును అడిగి వ్రాసికొనుడు. ప్రక్కింటి తమిళ, కన్నడ మిత్రులను వారి పేర్లును అడుగుడు. పేరు తెలిసిన చెట్టును నరకుటకు చేయి అంత సులభముగా లేవదు.