ఒక వీధికి ఒకే గొట్టం: సహజవాయు సరఫరా ప్రాంతాల హద్దులు ఎలా తేలుతాయి?

ఈనాటి పాఠాన్ని ఒక చిన్న ప్రయాణంతో మొదలుపెడదాం.

పుదుచ్చేరి బస్టాండులో విల్లుపురం వెళ్ళే బస్సు ఎక్కారనుకోండి. ముందు విల్లియనూరు వస్తుంది. అది పుదుచ్చేరి భూభాగమే. కొంత దూరం పోగానే కండమంగళం. అది తమిళనాడు. ఇంకా ముందుకు వెళితే తిరుభువనై, మదగడిపట్టు. ఇవి మళ్ళీ పుదుచ్చేరి. మీరు దిగలేదు, బస్సు మారలేదు, రోడ్డు కూడా అదే. అయినా ప్రభుత్వం మాత్రం రెండుసార్లు మారింది. ఫ్రెంచి వారి పాలనలో ఉన్న గ్రామాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే పుదుచ్చేరి మిగిలింది. అందుకే సుమారు 290 చదరపు కిలోమీటర్ల ఈ జిల్లా ఒకే ముక్కగా లేదు. తమిళనాడు గ్రామాల మధ్య పదికి పైగా ముక్కలుగా పరచుకొని ఉంది.

బస్సుకు ఈ హద్దులతో పెద్దగా పని లేదు. కానీ ఆ రోడ్డు పక్కనే భూమిలో వంటగ్యాసు గొట్టం వేయాలంటే? కండమంగళంలో ఒక కంపెనీ, తిరుభువనైలో మరో కంపెనీ వేయాలా? హద్దు మీద ఉన్న ఇంటికి ఎవరు కనెక్షన్ ఇవ్వాలి? ఇద్దరూ 'మాదే' అంటే ఎలా? ఇద్దరూ 'మాది కాదు' అంటే ఎలా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే నేటి పాఠం.

1. రెండు గొట్టాలు ఎందుకు వద్దు?

ముందు వాయువు మన ఇంటికి ఎలా వస్తుందో చూద్దాం. దూర ప్రాంతాల నుంచి పెద్ద ఉక్కు పైపులైనులో అధిక పీడనంతో వచ్చే సహజవాయువు ఊరి అంచున ఉన్న కేంద్రానికి చేరుతుంది. అక్కడ పీడనం తగ్గిస్తారు, లెక్క కొలుస్తారు, వాసన కలుపుతారు. సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియడానికే మెర్కాప్టాన్ అనే దుర్వాసన ద్రవ్యాన్ని కలుపుతారు. అక్కడి నుంచి ఊరిలోని ఉక్కు గొట్టాలు, వాటి నుంచి వీధుల్లో ప్లాస్టిక్ గొట్టాలు, చివరకు ఇంటి మీటరు. పొయ్యి దగ్గరకు వచ్చేసరికి పీడనం 21 మిల్లీబార్లకు దిగుతుంది.

ఈ వ్యవస్థలో ఖర్చంతా ముందే పెట్టాలి. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక వీధిలో 100 ఇళ్ళు ఉన్నాయనుకోండి. గొట్టం వేయడానికి 10 లక్షల రూపాయలు అవుతుందనుకోండి. ఒకే కంపెనీ అయితే ఇంటికి 10 వేల రూపాయల భారం పడుతుంది. రెండు కంపెనీలు రెండు గొట్టాలు వేసి చెరి 50 ఇళ్ళు పంచుకుంటే ఇంటికి 20 వేలు అవుతుంది. పోటీ పెరిగితే ధర తగ్గాలి కదా? ఇక్కడ పెరిగింది. ఇటువంటి వ్యాపారాన్ని అర్థశాస్త్రంలో 'సహజ గుత్తాధికారం' అంటారు. మంచినీటి సరఫరా, విద్యుత్తు తీగలు కూడా ఈ కోవలోనివే.

ఈ పాఠం ప్రపంచం ముందుగా లండన్‌లో నేర్చుకుంది. అక్కడ 1812లో మొదటి గ్యాసు కంపెనీకి రాజపత్రం లభించింది. ఆ రోజుల్లో బొగ్గును వేడి చేసి తీసిన వాయువుతో వీధి దీపాలు వెలిగించేవారు. క్రమంగా కంపెనీలు పెరిగాయి. ఒకే వీధిని ఒకరి తరువాత ఒకరు తవ్వేవారు. 1850లలో కంపెనీలే విసిగిపోయి నగరాన్ని ప్రాంతాలుగా పంచుకోవడం మొదలుపెట్టాయి. 1860లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ పంపకాన్ని గుర్తించింది. అయితే పోటీ లేని చోట కంపెనీ ఇష్టం వచ్చినట్లు ప్రవర్తించకుండా నియమాలు కూడా పెట్టింది. ప్రాంతం ఇవ్వడం, దానితో పాటు బాధ్యత పెట్టడం: ఈ రెండూ కలిసి నడవాలన్న సూత్రం నేటికీ అదే.

2. వాయువు కేంద్రానిదా, రాష్ట్రానిదా?

హద్దులు గీయాలంటే గీసే అధికారం ఎవరిదో ముందు తేలాలి. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోని 25వ అంశం 'గ్యాసు, గ్యాసు కర్మాగారాలు'. కేంద్ర జాబితాలోని 53వ అంశం చమురు క్షేత్రాలు, ఖనిజ చమురు వనరులు, పెట్రోలియం ఉత్పత్తులు. మరి భూమిలో నుంచి వచ్చే సహజవాయువు ఏ జాబితాలోకి వస్తుంది?

గుజరాత్ ప్రభుత్వం 2001లో గ్యాసు సరఫరాపై సొంత చట్టం చేసింది. దానితో ఈ ప్రశ్న రాష్ట్రపతి ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 మార్చిలో తన అభిప్రాయం చెప్పింది. రాష్ట్ర జాబితాలోని 'గ్యాసు' అంటే కర్మాగారంలో తయారయ్యే వాయువు. సహజవాయువు ఖనిజ చమురు వనరులతో కలిసిన విషయం, కనుక అది కేంద్రానిది. ఆ చట్టం చేసే అధికారం గుజరాత్ శాసనసభకు లేదు. లండన్‌లో, ఆ తరువాత కలకత్తాలో వీధి దీపాలు వెలిగించిన బొగ్గు వాయువును గుర్తు చేసుకుంటే, ఆ 25వ అంశం ఎందుకు పుట్టిందో మీకు సులభంగా అర్థమవుతుంది.

3. చట్టం, నియంత్రణ మండలి

2006లో పార్లమెంటు పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం చేసింది. 2007 అక్టోబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అయితే మండలి అనుమతి లేకుండా ఎవరూ నగర గ్యాసు వ్యవస్థ నిర్మించకూడదు, నడపకూడదు, విస్తరించకూడదు అని చెప్పే 16వ సెక్షను మాత్రం 2010 జూలైలో అమలులోకి వచ్చింది.

మండలి దేశాన్ని 'భౌగోళిక ప్రాంతాలు'గా విభజిస్తుంది. సాధారణంగా ఒక జిల్లా లేదా కొన్ని జిల్లాలు కలిపి ఒక ప్రాంతం అవుతుంది. ఒక్కొక్క ప్రాంతానికి టెండర్లు పిలిచి ఒక కంపెనీకి అధికారం ఇస్తారు. 2018లో మార్చిన పద్ధతి ప్రకారం ఎన్ని ఇళ్ళకు కనెక్షన్లు ఇస్తామని కంపెనీ మాట ఇస్తుందో దానికే సగం మార్కులు. పన్నెండు విడతల టెండర్ల తరువాత ద్వీపాలు మినహా దేశమంతా 307 భౌగోళిక ప్రాంతాల కిందకు వచ్చింది.

4. హద్దులు ఎక్కడెక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి?

పటం మీద గీత గీస్తే చాలదు. చిక్కులు నాలుగు రకాలుగా వస్తాయి.

మొదటిది, ప్రాంతంలో ప్రాంతం. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2003లో స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థకు కాకినాడ సరఫరా ప్రాంతంగా లభించింది. తరువాత తూర్పు గోదావరి జిల్లాకు అనుమతి ఇవ్వవలసి వచ్చింది. కాకినాడ కూడా ఆ జిల్లాలోదే కదా! అందుకని 'ఇప్పటికే అధికారం ఇచ్చిన ప్రాంతం మినహాయించి' అనే మాటలు చేర్చి, మిగిలిన జిల్లాను వేరే ప్రాంతంగా చూపించారు. దాని కోసం గోదావరి గ్యాస్ అనే మరో సంస్థ ఏర్పడింది. ఆ ఒక్క వాక్యమే లేకపోతే ఒకే ఊరికి ఇద్దరు హక్కుదారులు అయ్యేవారు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి కూడా చీలింది. జిల్లా పేరు మారినంత మాత్రాన కంపెనీ ప్రాంతం మారిపోదు. అధికార పత్రంతో జతచేసిన పటమే ప్రమాణం.

రెండవది, పాతవారు, కొత్తవారు. చట్టం రాకముందే కొన్ని కంపెనీలు పని మొదలుపెట్టాయి. వాటిలో కేంద్రం అనుమతి ఉన్నవాటికి ఒక నియమం, లేనివాటికి మరో నియమం పెట్టారు. కేంద్రం అనుమతి లేని కంపెనీ అప్పటికే పనిలో, పెట్టుబడిలో కనీసం 25 శాతం పూర్తిచేసిందా అని చూస్తారు. అహ్మదాబాద్ శివార్లలోని సానంద్, బావ్లా, ధోల్కా ప్రాంతాలపై ఈ వివాదమే వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఉంది కనుక అవి తమకే చెందాలని అదానీ గ్యాస్ వాదించింది. మండలి ఆ ప్రాంతాలను విడదీసి జిల్లా ప్రాంతంలో కలిపింది. 2021 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు మండలి నియమాన్ని సమర్థించి, అదానీ గ్యాస్ అప్పీలును తోసిపుచ్చింది. సహజవాయువుపై అధికారం కేంద్రానిది అయినప్పుడు రాష్ట్రం ఇచ్చిన పత్రం మండలి అనుమతికి బదులు కాలేదు. 2004 నాటి అభిప్రాయం 2021లో ఎలా పనికి వచ్చిందో గమనించండి.

మూడవది, పెద్ద పైపులైను, ఊరి గొట్టం. ఊరి పక్కనే ప్రధాన పైపులైను పోతోంది. ఒక కర్మాగారం నేరుగా దాని నుంచే వాయువు తీసుకుంటానంటే? ఇక్కడ హద్దు నేల మీద కాదు, పరిమాణంలో గీశారు. రోజుకు 50 వేల ఘనపు మీటర్ల వరకు అవసరమైనవారికి నగర వ్యవస్థే సరఫరా చేయాలి. లక్షకు మించి కావలసినవారికి ప్రధాన పైపులైను ద్వారా ఇవ్వాలి. 50 వేలకు మించి లక్ష వరకు అయితే ఎంపిక వినియోగదారుడిదే.

నాలుగవది, కదిలే వినియోగదారుడు. హద్దుకు అవతల ఉన్న ఆటో ఇవతలి బంకులో సీఎన్‌జీ నింపించుకుంటే ఎవరి హక్కుకూ భంగం కాదు. బంకు ఎక్కడ ఉందన్నదే లెక్క, బండి ఎక్కడిదన్నది కాదు.

5. పుదుచ్చేరి, యానాం నేర్పే పాఠం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. సహజవాయువు కేంద్ర విషయం కనుక, రాష్ట్రపు హద్దు దాటినంత మాత్రాన గొట్టం ఆగనవసరం లేదు. ఎన్నూరు నుంచి పుదుచ్చేరి, నాగపట్టణం, మదురై మీదుగా తూత్తుకుడి వరకు రూపొందించిన పైపులైను ఇందుకు ఉదాహరణ. కానీ రోడ్డు తవ్వడానికి అనుమతి మాత్రం ఆ రోడ్డు ఎవరిదో వారే ఇవ్వాలి. అంతేకాదు, 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సహజవాయువును అందులో కలపలేదు. ఎవరి విలువ ఆధారిత పన్ను వారిదే. కాబట్టి పక్కపక్క వీధుల్లో పన్ను తేడా వల్ల ధర వేరుగా ఉండవచ్చు. అంటే సరఫరా హద్దు, రోడ్డు హద్దు, పన్ను హద్దు మూడూ వేరు వేరు.

పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న యానాం సంగతి చూడండి. దాని విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. మాట తెలుగు, పాలన పుదుచ్చేరి. అంత చిన్న చోటికి గొట్టం రావాలంటే చుట్టూ ఉన్న గోదావరి జిల్లాల వైపు నుంచే రావాలి. పరిపాలనా పటాన్ని పక్కన పెట్టి, గొట్టం ఎటు నుంచి చవకగా, భద్రంగా వస్తుందో చూడాలి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఇద్దరు సరఫరాదారులు హద్దుపై ఒప్పందం చేసుకుంటే, దానికి అక్కడి ప్రజాసేవల కమిషన్ ఆమోదం కావాలి. ఒప్పందం కుదరకపోతే కమిషనే తీర్పు చెబుతుంది. ఎవరి గొట్టం దగ్గరగా ఉంది, ఎవరికి ఖర్చు తక్కువ, ఎవరికి సామర్థ్యం ఉంది అన్నవి చూస్తుంది.

6. ఒక్కరికే ఇస్తే వినియోగదారుడి గతి?

మంచి ప్రశ్న. అందుకే హక్కుకు గడువు పెట్టారు. గొట్టాలు వేసే ప్రత్యేక హక్కు 25 సంవత్సరాలు. ఆ గొట్టంలో తామే వాయువు అమ్ముకునే ప్రత్యేక హక్కు అంతకంటే తక్కువ. కొత్త ప్రాంతాలకు మొదట 5 సంవత్సరాలు ఉండేది, 2018లో దానిని 8 సంవత్సరాలు చేశారు. ఆ తరువాత గొట్టం 'ఉమ్మడి రవాణా మార్గం' అవుతుంది. మరో కంపెనీ అద్దె చెల్లించి అదే గొట్టంలో తన వాయువు పంపి అమ్మవచ్చు. రెండో గొట్టం అక్కరలేకుండా రెండో అమ్మకందారుడు వస్తాడన్నమాట. దీని అమలుపై కంపెనీలకు, మండలికి మధ్య కోర్టుల్లో వాదాలు నడిచాయి. మండలి తీర్పు నచ్చనివారు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చు.

వివాదం సాగుతున్నంత కాలం నష్టపోయేది ఎవరు? పొయ్యి కోసం ఎదురుచూసే ఇల్లాలు. కోనసీమ ప్రజలకు ఈ బాధ తెలుసు. వాయువు తమ నేల కింద దొరుకుతున్నా, ఎన్నో ఊళ్ళు ఏళ్ళ తరబడి సిలిండరు కోసమే చూశాయి. ప్రమాదం కూడా వారికి తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో ప్రధాన పైపులైను లీకై మంటలు చెలరేగి ఇరవై మందికి పైగా మరణించారు. అది హద్దు తగాదా కాదు. కానీ అది మనకు ఒక మాట గట్టిగా చెబుతుంది. వాసన వచ్చిన క్షణంలో ఎవరికి ఫోను చేయాలి, ఏ వాల్వు ఎవరు కట్టేయాలి అన్నది ముందే తెలిసి ఉండాలి. ఏ వీధి ఎవరిదో తేలకపోతే ఆ వీధి భద్రత కూడా ఎవరిదీ కాకుండా పోతుంది. హద్దు గీయడం కంపెనీల లాభం కోసం మాత్రమే కాదు, బాధ్యతకు ఒక పేరు పెట్టడం కోసం.

సమీక్ష

పాఠంలోని ముఖ్యాంశాలను మరొకసారి గుర్తు చేసుకోవడానికి ఈ ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. ఒకే వీధిలో రెండు గొట్టాలు వేస్తే ధర ఎందుకు పెరుగుతుంది? 100 ఇళ్ళ లెక్కను మూడు కంపెనీలకు చేసి చూడండి.
2. రాష్ట్ర జాబితాలోని 'గ్యాసు'కు, సహజవాయువుకు తేడా ఏమిటి?
3. కాకినాడ విషయంలో 'మినహాయించి' అన్న మాట ఏ చిక్కును తప్పించింది?
4. రోజుకు 70 వేల ఘనపు మీటర్ల వాయువు కావలసిన కర్మాగారం ఎవరి నుంచి తీసుకోవచ్చు?
5. మీ ఊరు ఏ భౌగోళిక ప్రాంతంలో ఉంది? అక్కడి సరఫరాదారు ఎవరు? అత్యవసర ఫోను నంబరు ఎంత? కనుక్కొని మీ వంటింట్లో రాసి పెట్టండి.

చివరి ప్రశ్నకు మార్కులు లేవు. కానీ అవసరం వచ్చిన రోజున అన్నిటికంటే ముందు పనికివచ్చే సమాధానం అదే.