భయానక రసం: పాలకొల్లు దర్శకుని తొలి చిత్రం

భయానక రసానికి భయమే స్థాయీభావమని అలంకారికులు చెప్పినారు. ఆ భయం కలిగించడానికి శ్మశానమో, పాడుపడిన కోటో, విశేషమైన ధనవ్యయమో కావాలని సాధారణంగా అనుకొంటాము. 2018 ఫిబ్రవరి 16న విడుదలైన ‘అ!’ అనే తెలుగు చిత్రం ఇవేవీ లేకుండానే ఆ రసాన్ని సాధించినది. నటుడు నాని నిర్మాతలలో ఒకరు. దర్శకుడు ప్రశాంత్ వర్మకు ఇదే తొలి చలనచిత్రం. ఆయన స్వస్థలం పాలకొల్లు; ఏలూరు, తాడేపల్లిగూడెం శ్రోతలకు పొరుగూరే.

కథ చాలావరకు ఒక్క హోటలులోనే నడుస్తుంది. వంట రాకపోయినా వంటవాడుగా చేరిన యువకుడు, కాలయంత్రం నిర్మింపదలచిన కాపలాదారు, అహంకారియైన ఐంద్రజాలికుడు, మత్తుమందుకు లోబడిన పరిచారిక అక్కడ కనిపిస్తారు. గాజుతొట్టిలోని చేప, కుండీలోని మరుగుజ్జు చెట్టు సైతం మాట్లాడుతాయి. వీరికి పరస్పర సంబంధమేమిటో చాలాసేపు బోధపడదు.

ఈ పద్ధతిని అధివాస్తవికత అంటారు. 1924లో పారిస్ నగరంలో ఆంద్రే బ్రెతాన్ దీని ప్రణాళికను ప్రకటించినాడు. మేల్కొన్న మనస్సు దాచిపెట్టినదానిని కల బయటపెడుతుందనే విశ్వాసం దీనికి మూలం. స్పెయిన్ దేశీయుడైన లూయీ బున్యుయేల్ 1929లో తన తొలి చిత్రాన్ని తల్లి ఇచ్చిన సొమ్ముతో ఈ మార్గంలోనే తీసినాడు. కలకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

అయితే కలకు కూడ ఒక న్యాయమున్నది. కాజల్ అగర్వాల్ ధరించిన యువతి మనస్సులోని అంశలే ఈ పాత్రలన్నీ అని చివరకు తెలుస్తుంది. బాల్యంలో తగిలిన గాయాలు ఆమెను ముక్కలు చేసినవి. ఇది వైద్యశాస్త్ర వివరణ కాదు, కవి కల్పన. అయినప్పటికీ అంతవరకు వింతగా తోచినదంతా అప్పుడు వేదనగా అర్థమవుతుంది.

రేడియో శ్రోతలు గమనింపదగిన విశేషం మరొకటి కలదు. చేపకు నాని, చెట్టుకు రవితేజ గాత్రమిచ్చినారు. కొల్లేటి చేపను గంపలోనో వలలోనో చూచిన మనము కూడ, గొంతు వినగానే దానిని ఒక వ్యక్తిగా అంగీకరిస్తాము. నాటకానికి రూపంకంటె కంఠమే ముఖ్యమని మన శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. రూపశిల్పానికి, ప్రత్యేక దృశ్యకల్పనకు ఈ చిత్రం జాతీయ పురస్కారాలు కూడ పొందినది.

ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే గాలి సోకినదనే మాట మన పల్లెలలో ఇంకను వినిపిస్తుంది. భూతవైద్యుని పిలుచుటకు ముందు ఆ మనిషి చెప్పేది వినవలెను. అవసరమైతే వైద్యునికి చూపవలెను. పిల్లలు భయంతో చెప్పబోయిన మాటను ఇంటి పెద్దలు అడ్డుకొనరాదు. ఈ చిత్రం చూచి ఇంటికి వచ్చిన తరువాత ఆలోచింపవలసిన విషయమిదే.