మీకు తెలుసా? లారీ సరుకు పడవెక్కిన రహదారి!

చైనాలోని కాష్గర్ నుంచి పాకిస్తాన్‌లోని హసన్ అబ్దాల్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు సాగే కారకోరం హైవే, సరిహద్దులోని ఖుంజెరాబ్ కనుమ దగ్గర దాదాపు 4,700 మీటర్ల ఎత్తుకు చేరుతుంది.

• కొండలను పేల్చి దీన్ని వేసేటప్పుడు రెండు దేశాలవాళ్లూ కలిపి దాదాపు వెయ్యిమంది కార్మికులు చనిపోయారు.

• పాకిస్తాన్‌లో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి, చైనాలో కుడివైపు. అందుకే సరిహద్దు దాటగానే లారీలు పక్క మారాలి.

• భారీ లారీలకు తగ్గట్టు రోడ్డును వెడల్పు చేస్తున్న రోజుల్లోనే, 2010 జనవరి 4న హుంజా లోయలోని అత్తాబాద్ వద్ద కొండ విరిగిపడింది. నది ఆగిపోయి పెద్ద చెరువైంది. సుమారు 20 కిలోమీటర్ల రోడ్డు మునిగింది.

• ఆ తర్వాత అయిదేళ్లపాటు లారీల సరుకును కూలీలు చెక్కపడవల్లోకి దించి, అవతలి ఒడ్డున మళ్లీ లారీలకెక్కించేవారు.

• చివరికి కొండను తొలిచి, మొత్తం దాదాపు 7 కిలోమీటర్ల పొడవున అయిదు సొరంగాలతో 24 కిలోమీటర్ల కొత్త దారి వేశారు. 2015 సెప్టెంబరులో అది తెరుచుకోవడంతో సరుకుకు పడవ ప్రయాణం తప్పింది.

• రోడ్డును ముంచిన ఆ నీలిరంగు సరస్సు ఇప్పుడు పేరున్న పర్యాటక కేంద్రం!