తిరుత్తణి మెట్లకు ఏ వైడ్ లెన్సు?

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆడికృత్తికకు కావళ్ళెత్తుకుని అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పటికీ ఎందరో. కొండకు 365 మెట్లు. పండగ రద్దీలో ఫొటో కోసం రెండడుగులు వెనక్కి వేయాలన్నా జాగా దొరకదు. అందుకే రేంజ్‌ఫైండర్ ఫిల్ము కెమెరాతో వెళ్ళేవారికి వైడ్ లెన్సు కావాలి. ఏది కొనాలో తేల్చుకోవడానికి కొన్ని విశేషాలు.

● మనుషులు 5 మీటర్ల దూరంలో ఉంటే 50 ఎంఎం లెన్సులో 3.6 మీటర్ల వెడల్పు పడుతుంది. 35లో 5.1, 28లో 6.4, 21లో 8.6 మీటర్లు.

● ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అద్దం తిరగాలి. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దమే లేదు. లైకా ఎం కెమెరాలో లెన్సు బిగించే అంచు ఫిల్ముకు 27.8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఎస్ఎల్ఆర్ అయిన నికాన్ ఎఫ్‌లో 46.5. అందుకే రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సులు అంత చిన్నవిగా, తేలిగ్గా చేయడం కుదిరింది.

● లెన్సు కొనేముందు, ఫొటోలో ఎంత పడుతుందో చూపే గీతలు ఏ లెన్సులకు ఉన్నాయో మీ కెమెరా వ్యూఫైండర్‌లో చూడండి. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 గీతలే ఉన్నాయి. 35 గీతలు ఎం2లో వచ్చాయి. 1984 నాటి ఎం6లో 28 కూడా ఉంది. 21కి మాత్రం కెమెరా నెత్తిన విడి ఫైండర్ పెట్టుకోవాల్సిందే. కళ్ళజోడు ఉన్నవారికి 28 గీతలు ఒక్క చూపులో అందడం కష్టం.

● పాత స్క్రూ లెన్సు కొంటే ఎం కెమెరాకు రింగు వేసి బిగించవచ్చు. రింగు సరైనది ఎంచుకుంటే ఆ లెన్సుకు తగిన గీతలు వాటంతటవే కనిపిస్తాయి.

● కావడి మోసేవారు మీ ఫోకస్ కోసం ఆగరు. 28 లెన్సులో అపెర్చర్ ఎఫ్8 పెట్టి, ఫోకస్‌ను 3.3 మీటర్ల దగ్గర ఉంచితే దాదాపు 1.7 మీటర్ల నుంచి కొండ చివరి దాకా స్పష్టంగా వస్తుంది. 35లో అదే ఎఫ్8కి, ఫోకస్ 5 మీటర్ల దగ్గర పెట్టినా, దాదాపు 2.5 మీటర్ల నుంచే స్పష్టత మొదలవుతుంది.

● వ్యూఫైండర్ లెన్సు గుండా చూడదు. మూత తీయడం మరిచినా లోపల అంతా మామూలుగానే కనిపిస్తుంది. లావుపాటి లెన్సయితే కింద కుడిమూలను కప్పేస్తుంది. ఆ మూలలో ఎవరి కాళ్ళున్నాయో ఫిల్ము కడిగాకే తెలుస్తుంది.

● గోపురం కోసం కెమెరా పైకెత్తితే అది వెనక్కి వాలినట్టు పడుతుంది. కెమెరా నిటారుగా ఉంచి, కింది భాగంలో మెట్లనూ జనాన్నీ రానివ్వండి. 21లో అంచుకొచ్చిన ముఖాలు సాగిపోతాయి కాబట్టి మనుషులను మధ్యలో ఉంచండి.

● 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజులను ఫొటో తీసిన ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాఁ జీవితంలో ఎక్కువ భాగం 50 లెన్సుతోనే పనిచేశారు. జాగా ఉన్నచోట వైడ్ తప్పనిసరి కాదు.

మొదటి వైడ్ లెన్సుగా 35 కొనండి. ఏటా కృత్తిక రద్దీలోనే తీసేవారైతే, గీతలున్న కెమెరా మీద 28 మేలు. 21 జోలికి ఆ తర్వాతే వెళ్ళండి.